ఇద్దరయ్యల గుట్ట: ఒకే గుంటలో పడుకున్న ఇద్దరి చరిత్ర

ఇద్దరయ్యల గుట్టకు వచ్చే భక్తులకు ముందే చెబుతున్నాం, ఇక్కడ కళ్ళకు ఇంపుగా ఏమీ ఉండదు. పెద్ద రోడ్డు మీద బస్సు దిగి, మిరప చేల మధ్య మైలున్నర నడవాలి. దారిలో నీడ లేదు. నేలంతా నాపరాయి. గుట్ట మీద రేకుల కప్పుతో చిన్న గుడి, దాని వెనుక సమాధుల దొడ్డి, పక్కన ఒక చేతిపంపు. వేసవిలో పంపులో నీళ్ళు రావు, వెంట తెచ్చుకోవాలి. గుడిలో బలిపీఠం ముందు ఒక చెక్కపెట్టె ఉంటుంది. అందులో ఇద్దరు మనుషుల చేతి ఎముకలు ఉన్నాయి. ఏడాదికి ఒక్క రోజు వాటిని బయటపెడతాం. ఆ రోజు పునీతుల పండుగ కాదు. దాని మరునాడు, నవంబరు రెండున, చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించే రోజు. ఈ ఇద్దరిలో ఎవరినీ కతోలిక సభ పునీతుడని ప్రకటించలేదు. ఇక ప్రకటించదు కూడా.

ఎముకను ముద్దు పెట్టుకోవడం ఏమిటని బయటివాళ్ళు అడుగుతారు. మన ఇళ్ళలో పిల్లలూ అడుగుతున్నారు. అడగాలి. కతోలిక సభ మొదటి నుంచీ విశ్వాసం కోసం ప్రాణం పెట్టినవాళ్ళ ఎముకల మీద పీఠం కట్టి పూజ చేసింది. ఎముకలో మంత్రం ఉందని కాదు. ఆ చెయ్యి ఒకప్పుడు రోగిని కడిగింది, ఆకలిగా ఉన్నవాడి నోటికి గంజి అందించింది. ఆ శరీరం కడపటి దినాన మళ్ళీ లేస్తుందని మన నమ్మకం. లేవబోయే మనిషి చెయ్యిని మనం ముందుగానే పట్టుకుంటున్నాం, అంతే. ఎవరి చెయ్యి పట్టుకుంటున్నామన్న దగ్గర ఇక్కడ తగాదా వచ్చింది. ఆ తగాదాయే ఈ స్థలం చరిత్ర.

పూర్వం ఈ గుట్ట మీద గుడి లేదు. సమాధుల దొడ్డి ఒక్కటే ఉండేది, దాని మధ్యలో అడ్డగోడ. గోడకు ఇటు ఊరి శవాలు, అటు పల్లె శవాలు. దొనరాతిపాడులో ఊరివాళ్ళూ క్రైస్తవులే, పల్లెలో ఉన్న మాదిగలమూ క్రైస్తవులమే. ఇద్దరికీ ప్రభువు ఒక్కడే, జపమాల ఒక్కటే. గుడి మాత్రం ఊళ్ళో ఉండేది. పల్లెవాళ్ళు వెనుక గుమ్మం దగ్గర నేల మీద కూర్చుని పూజ వినేవాళ్ళు. పూజలో పంచే సత్ప్రసాదం వాళ్ళకు ఆఖరున ఇచ్చేవారు. ఇది రాయకుండా స్థల చరిత్ర రాయమని కొందరు పెద్దమనుషులు సలహా ఇచ్చారు. అలా రాస్తే అది ఈ స్థలం చరిత్ర కాదు.

ఆ రోజుల్లో అరుళప్ప స్వాములవారు ఇక్కడ విచారణ గురువు, అంటే ఈ గుడినీ దాని జనాన్నీ చూసుకునే గురువు. కోస్తా నుంచి వచ్చిన సన్నపాటి మనిషి, మాట తక్కువ. పల్లెలో ఇన్నాసి అనే ఆయన ఊరికీ పల్లెకూ గుంటలు తవ్వేవాడు. అతని భార్య ఆరోగ్యమ్మ. కలరా వచ్చిన ఏడు అది మొదట పల్లెను పట్టుకుంది. పట్టుకోక ఏం చేస్తుంది? ఊరి బావి మాకు లేదు, వాగు చెలమలో నీళ్ళే తాగేవాళ్ళం. స్వాములవారు పల్లెకు బయలుదేరితే ఊరి పెద్ద బాలశౌరి ఆయన ఉండే బంగళా గుమ్మంలో నిలబడి, "వెళ్ళండి స్వామీ, కాదనం. వెళ్తే మాత్రం మళ్ళీ ఇటు రాకండి, మాకూ పిల్లలున్నారు" అన్నాడు. స్వాములవారు వెళ్ళారు. మళ్ళీ ఆ బంగళా మెట్లు ఎక్కలేదు.

మూడు వారాలు ఆయన, ఇన్నాసి కలిసి పల్లెను మోశారు. ఆయన రోగుల్ని కడిగేవారు, ఇన్నాసి గుంటలు తవ్వేవాడు. నాపరాతిలో గుంట అంటే మాటలు కాదు. ఒకనాడు స్వాములవారు, "ఇన్నాసీ, లోతు తగ్గిస్తున్నావు" అన్నారట. "ఎక్కువ లోతు కావాలంటే ఆ గడ్డపార మీరు అందుకోండి సామీ" అన్నాడట ఇన్నాసి. ఆయన నిజంగానే అందుకున్నారు. నాలుగు పోట్లకే అరచేతులు బొబ్బలెక్కాయి. "ఈ చేతులు పూజకి దాచుకోండి సామీ, రాయి నాకొదిలెయ్యండి" అని ఇన్నాసి నవ్వాడట. ఆ మూడు వారాల్లో పల్లెలో ఎవరైనా నవ్వింది అదొక్కసారే అని మా పెద్దలు చెప్పేవారు.

నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం స్వాములవారు పోయారు. ఊరికి కబురు పెడితే ఎవరూ రాలేదు. ఇన్నాసి ఒక్కడే గుంట తవ్వాడు. తవ్వడం పూర్తిచేసి, గట్టెక్కి, వాంతి చేసుకుని పడిపోయాడు. పొద్దు వాలకముందే అతనూ పోయాడు. ఇంకో గుంట తవ్వే సత్తువ పల్లెలో ఎవరికీ మిగల్లేదు. ఆరోగ్యమ్మ, మరి కొందరు ఆడవాళ్ళు కలిసి స్వాములవారిని దించారు, ఆయన మీద ఇన్నాసిని దించారు. పైన మన్ను కప్పారు. మీద నాటడానికి శిలువ కూడా లేదు.

ఇరవై ఆరేళ్ళు గడిచాయి. ఆ గుంట దగ్గర మొక్కుకుంటే జ్వరాలు తగ్గుతున్నాయని మొదట పల్లెలో, తర్వాత చుట్టుపక్కల అనుకున్నారు. అప్పుడు ఊరివాళ్ళకు అరుళప్ప స్వాములవారు గుర్తుకొచ్చారు. ఏ ఇళ్ళు కలరా ఏడు తలుపులు వేసుకున్నాయో ఆ ఇళ్ళలోనే ఆయన పటాలు వెలిశాయి. ఆయన్ని పునీతుడిగా ప్రకటించమని మేత్రాసనానికి, అంటే పీఠాధిపతి బిషప్పుగారి కార్యాలయానికి, అర్జీ పెట్టారు. ఎముకలను వెలికితీసి ఊరి గుడిలో పాలరాతి అరలో పెట్టాలని తీర్మానించారు. పీఠాధిపతి ఒక విచారణాధికారిని పంపారు. ఆయనా గురువే, మంచివాడే. వెంట మిషన్ ఆసుపత్రి డాక్టరు వచ్చాడు.

గుంట తెరిచారు. ఇన్నేళ్ళ వానలకు ఎముకలన్నీ రాతి పగుళ్ళలోకి జారి కలగలిసి ఉన్నాయి. డాక్టరు ఒకపూటంతా కూర్చుని వాటిని రెండు కుప్పలు చేశాడు. "ఒకతనికి ఎడమ ముంజేయి విరిగి వంకరగా అతుక్కుంది. ఇంకొకతనికి ఆ గుర్తు లేదు. ఎవరు ఎవరన్నది మాత్రం నేను చెప్పలేను. వీళ్ళను బతికుండగా ఎరిగినవాళ్ళే చెప్పాలి" అన్నాడు.

వంకర చెయ్యి ఇన్నాసిది. నూతిలో పని చేస్తుండగా రాయి పడి విరిగింది. ఆ చేత్తోనే ఇరవై ఏళ్ళు ఊరివాళ్ళ తల్లిదండ్రులకు గుంటలు తవ్వాడు. వాళ్ళ చేలల్లో కలుపు తీశాడు, వాళ్ళ గొడ్లు చస్తే ఈడ్చాడు. ఆ చెయ్యి వంకరగా ఉండేదని ఊళ్ళో ఒక్కరికీ గుర్తులేదు. గుర్తుండాలంటే ముందు చూసి ఉండాలి కదా!

ఆరోగ్యమ్మను పిలిచారు.

"చెయ్యి విరిగింది నీ భర్తకా అమ్మా, స్వాములవారికా?" అని విచారణాధికారి అడిగారు.

"చెబుతాను సామీ. చెప్పాక ఆయన్ని ఏం చేస్తారు?"

"ఎవరిని?"

"మా ఆయన్ని."

పక్కనున్న బాలశౌరి నవ్వాడు. అప్పటికి ముసలివాడే, గొంతు మాత్రం తగ్గలేదు. "ఏం చేస్తామే, పటం కట్టిస్తామా? ఈ గుంట మీద కూడా ఒక గుడి కట్టాలనుకుంటున్నాం. దొడ్డి గోడ అవతల వాగు గట్టున వేయిస్తాలే."

వాగు గట్టు అంటే గొడ్ల కళేబరాలు వేసే చోటు. ఆరోగ్యమ్మ ఆ కుప్పల వంక చూసింది. సువార్త గ్రంథం ముందుకు చాపారు. దాని మీద చెయ్యి వేసి, "ఇరిగింది అరుళప్ప సామికే. మా ఆయన చేతులు రెండూ సక్కగానే ఉండేయి" అని ప్రమాణం చేసింది.

అది అబద్ధం. నిజం తెలిసిన పల్లెవాళ్ళు ఇంకా నలుగురు అక్కడే నిలబడి ఉన్నారు. నలుగురూ నేల చూశారు.

ఇన్నాసి ఎముకలు పూలరథం మీద ఊరి గుడికి వెళ్ళాయి. వంకర చెయ్యిని అద్దాల పెట్టెలో పెట్టారు. విడిగా దొరికిన వేలి ముక్కలు ఏడింటిని ఏడు పెద్ద ఇళ్ళవాళ్ళు వెండి భరిణెల్లో పెట్టుకుని తీసుకుపోయారు. మిగతావి పీఠం కింద ఉంచారు. సభ అనుమతి రాకముందే ఇలా బహిరంగంగా పెట్టవద్దని పీఠాధిపతి రాశారు, విన్నవాడు లేడు. రోగుల్ని మోస్తుంటే స్వాములవారి చెయ్యి విరిగిందని ఊళ్ళో ఒక కథ పుట్టింది, దాని మీద పాట కట్టారు. అరుళప్ప స్వాములవారి ఎముకలను, అవి ఇన్నాసివి అనుకుని, వాగు గట్టున పడేయబోతే పల్లెవాళ్ళు అడ్డుపడి తెచ్చుకున్నారు. ఆరోగ్యమ్మ వాటిని కడిగి, మళ్ళీ అదే గుంటలో పెట్టుకుంది.

ఆమె గెలిచిందనుకునేరు. తప్పుడు ప్రమాణాన్ని సరిదిద్దకుండా పాపం ఒప్పుకుంటే చెల్లదని, ఏ గురువు ముందూ పాపసంకీర్తనం చేయలేదు. చేయకుండా సత్ప్రసాదం తీసుకోలేదు. తొమ్మిదేళ్ళు ప్రతి ఆదివారం ఊరి గుడికి నడిచి వెళ్ళింది. పల్లె ఆడవాళ్ళంతా ఆఖరి వరుసలో లేస్తే తాను ఒక్కతే కూర్చుని ఉండేది. ముందు అద్దాల పెట్టెలో తన భర్త చెయ్యి. దానికి జనం ఇంకొకరి పేరు పెట్టి దండాలు పెడుతున్నారు. వాగు గట్టు తప్పించింది గానీ, ఆయన పేరు తన నోటితోనే తుడిచేసింది. ఒకసారి తోడికోడలు, "ఎందుకే నీకింత మొండితనం, ఆ దేవుడితో ఏం తగువు?" అంటే, "తగువు ఆయనతో కాదే, నా నాలుకతో" అన్నదట.

తొమ్మిదో ఏట, అర్జీ రోముకు వెళ్తోందని పూజలో చదివారు. అది వినగానే ఆమె కొత్తగా వచ్చిన గురువు దగ్గరికి తన పాపం చెప్పుకోవడానికి వెళ్ళింది. ఆ గదిలో ఏమనుకున్నారో మనకు తెలియదు, తెలియకూడదు. ఊరి గుడి పండుగ రోజు మధ్యాహ్నం జనం బారుగా నిలబడి అద్దాల పెట్టెను ముద్దు పెట్టుకుంటున్నారు. వరస చివర పల్లెవాళ్ళతో ఆమె కూడా వచ్చింది. పెట్టె దగ్గర ఆగి, జనం వైపు తిరిగింది.

"ఇది అరుళప్ప సామి చెయ్యి కాదు. మా ఆయన ఇన్నాసిది. నేను దొంగ ప్రమాణం చేశాను."

"దీనికి మతి పోయింది, బయటికి లాగండి!" అని బాలశౌరి అరిచాడు.

"నా మతికేం కాలేదు దొరా. నూతిలో రాయి పడి ఇరిగింది ఈ చెయ్యి. వంకరగా కట్టు కట్టాడని మా మామని నేనే తిట్టాను. మీ నాయనకి గుంట తవ్విన చెయ్యి ఇదే. మీరు గట్టున నిలబడి 'తొందరగా కానివ్వరా' అన్నారు, గుర్తులేదా?"

 అప్పటికే ముద్దు పెట్టుకుని ముందు వరుసలో కూర్చున్న ఒకామె పైట కొంగు తీసుకుని పెదవులు తుడుచుకుంది. పక్కామె కూడా తుడుచుకుంది. అలా వరసంతా తుడుచుకున్నారు. ఆ తుడుచుకోవడాన్ని ఈ పల్లె ఇప్పటికీ మరచిపోలేదు, ఈ పుస్తకం చదివేవాళ్ళూ మరచిపోకూడదనే రాస్తున్నాం. ఒకే ఒక్క తల్లి, చంకలో పిల్లను పెట్టుకుని, "మరి మా పిల్లకు జ్వరం తగ్గింది ఎవరి వల్ల?" అని అడిగింది.  ఆమె భర్త రెక్క పట్టుకుని తీసుకుపోయాడు.

ఆరోగ్యమ్మ ఎండలో పల్లెకు తిరిగి నడిచింది. దారిలో గుక్కెడు నీళ్ళు పోసినవాళ్ళు లేరు. మరునాడు ఉదయం కొత్త గురువు స్వయంగా పల్లెకు వచ్చి ఆమెకు సత్ప్రసాదం ఇచ్చారు. తొమ్మిదేళ్ళ తర్వాత తీసుకుంటూ ఆమె నోరు సరిగా తెరవలేకపోయిందట. ఆ వారంలోనే ఊరివాళ్ళు ఇన్నాసి ఎముకలను గోనెసంచిలో కట్టి, సమాధుల దొడ్డి గోడ అవతలి నుంచి విసిరేశారు. ముంజేయి విసురుకు రెండుగా విరిగింది. ఆమె కూర్చుని ఒక్కొక్కటీ ఏరుకుని, స్వాములవారి ఎముకల పక్కన అదే గుంటలో పెట్టుకుంది.

ఎవరి ఎముకలన్నది ఒక మనిషి మాట మీదే నిలబడిందని, ఆ మనిషి రెండు మాటలు చెప్పిందని, అర్జీ ఇక ముందుకు పోదని మేత్రాసనం రాసింది. ఒక పల్లె ఆడదాని అబద్ధం వల్ల పునీతుడు పోయాడని ఊళ్ళో నేటికీ అంటారు. పునీతుడు బతికుండగా ఆయనకు తలుపు వేసిందెవరో మాత్రం అనరు.

ఆరోగ్యమ్మ ఆ తర్వాతి తపస్సు కాలం, అంటే ఈస్టరు ముందు ఉపవాసాల రోజులు, రాకముందే కన్నుమూసింది. ఆ గుంటలోనే పెట్టమంటావా అని ముందుగా అడిగితే, "వొద్దమ్మా, ఆ ఇద్దరి మధ్య ఇరుకు. పక్కన వెయ్యండి" అన్నది. పక్కనే ఉంది. తర్వాత పల్లెవాళ్ళు నాపరాళ్ళు మోసి ఈ చిన్న గుడి కట్టుకున్నారు. ఇద్దరి చేతులనూ ఒకే పెట్టెలో పెట్టారు. అప్పటి నుంచి దీనికి ఇద్దరయ్యల గుట్ట అని పేరు.

నవంబరు రెండున పూజ తర్వాత పెట్టె తెరుస్తాం. పల్లెలోని విధవరాళ్ళు ముందు ముద్దు పెట్టుకుంటారు, తర్వాత మిగతా అందరూ. పెట్టె మీద ఏ పేరూ ఉండదు. స్వాములవారిది ఏదని అడిగితే వేలు పెట్టి చూపించం. రెండింటినీ ముద్దు పెట్టుకోవాలి. ఒక్కదాన్నే పెట్టుకుంటామనేవాళ్ళు దయచేసి దిగి వెళ్ళాలి. జ్వరాలున్నవాళ్ళు, చేతులు పడిపోయినవాళ్ళు, తప్పు చేసి చెప్పుకోలేక నలిగిపోతున్నవాళ్ళు ఇక్కడ మొక్కుకుంటారు. మేలు జరిగిందని మాకు చాలామంది చెప్పారు. జరగనివాళ్ళు కూడా మళ్ళీ వస్తూనే ఉన్నారు.

ఇంకొక ఆచారం ఉంది. ఊళ్ళోకి వెళ్ళిన ఏడు వేలి ముక్కలను ఆ రోజు గోనెసంచిలో ఎవరూ తిరిగి వేయలేదు. పారేశామన్నారు. కానీ చాలా ఏళ్ళ తర్వాత ఒక పండుగ నాడు, జనం వెళ్ళిపోయాక చూస్తే, పెట్టెలో వంకర చెయ్యి పక్కన చిన్న గుడ్డ మూట ఉంది. విప్పితే వేలి ముక్క. పారేయకుండా ఎవరో ఇంట్లో దాచుకున్నారు, దాచుకుని మొక్కుకున్నారు కూడా కాబోలు. అలా ఇప్పటికి ఐదు వచ్చాయి. రెండు రావాలి. అందుకే పండుగ రోజు పొద్దు వాలేవేళ ఒక గడియ పెట్టె మూత తీసే ఉంచి, మేమంతా గుడి బయటికి వచ్చి, వీపు తిప్పి నిలబడతాం. ఆ గడియలో లోపలికి ఎవరు వెళ్ళారో చూడం, అడగం. తెచ్చి పెట్టినవారి ఇంటిని ఇద్దరయ్యలూ కాపాడుదురు గాక.