తడితే పలికే రొట్టె

మబ్బుకోన అని ఒక అడవి ఉంది. రెండు కొండల నడుమ గిన్నెలా ఉంటుంది. అందులో ఎలుగుబంట్లు, కుందేళ్ళు, ముళ్ళపందులు, కౌజుపిట్టలు, దుప్పులు ఉన్నాయి. పేరు చెప్పకుండా చెట్ల మాటున తిరిగేవి ఇంకా ఎన్నో ఉన్నాయి. ఎండాకాలం వాటికి ఏ బెంగా లేదు. వానాకాలమూ అంతే. చలికాలం వచ్చిందంటే మాత్రం అన్నీ పైకొండ వైపు చూసుకుంటూ మెలుగుతాయి.

చలికాలంలో పైకొండ మీంచి మంచు దిగుతుంది. మంచు ఏ అడవిలోనైనా దిగుతుంది, అందులో వింతేముంది అంటారేమో. ఈ మంచులో ఒకావిడ ఉంటుంది. ఆవిడను కళ్ళతో చూసినవారు లేరు. పట్టపగలే అంతా పాలలా తెల్లబడిపోయి, పక్కనున్న చెట్టు కూడా కనబడని వేళ, ఎవరో మానుల మీద వేలితో తట్టుకుంటూ వస్తున్న చప్పుడు వినిపిస్తుంది. టక్, టక్. కాసేపు ఆగుతుంది, ఎవరైనా బదులు పలుకుతారేమో అన్నట్టు. తర్వాత ఇంకో చెట్టు. టక్, టక్.

కోన మొదట్లో ఒక బల్లపరుపు రాయి ఉంది. మంచు దిగినప్పుడల్లా దాని మీద ఒక రొట్టె పెట్టాలి. ఆవిడ వచ్చి రొట్టెను తడుతుంది. నచ్చితే తీసుకుని కొండెక్కిపోతుంది. ఆవిడ వెనకే మంచూ పోతుంది. నచ్చకపోతే రొట్టె రాయి మీదే ఉంటుంది, కోనలో ఎవరిదో ఒకరి గొంతు పోతుంది.

ఆ రొట్టె చేసే పని అలుగు అవ్వది. ఒంటినిండా పెంకులున్న ముసలి అలుగు. చెదలు వదిలేసిన పాత పుట్టే ఆమెకు పొయ్యి. అందులో నిప్పులు పోసి, లోపలి గోడలు బాగా కాలేదాకా ఉంచేది. వెదురుబియ్యం పిండిలో ఇప్పపువ్వు పిసికి రొట్టె తట్టి లోపల పెట్టేది. పుట్ట మూతికి మట్టి మెత్తేది. రొట్టె బయటికి తీశాక దాన్ని బోర్లించి చెవి దగ్గర పెట్టుకునేది. "ఏమిటవ్వా అది?" అంటే నవ్వి ఊరుకునేది. ముసలితనపు చాదస్తం అనుకున్నారు అందరూ. అవ్వ ఉందిగా అనుకుని, పక్కన కూర్చుని నేర్చుకున్నవారు ఒక్కరూ లేరు.

ఆ ఏడు వానల్లో అవ్వ ఉండచుట్టుకుని పడుకుంది. మళ్ళీ విప్పుకోలేదు.

చలికాలం వచ్చింది. మొదటి మంచు దిగింది. రాయి మీద ఏమీ లేదు.

ముందు కీచురాళ్ళు మూగబోయాయి. ఆ తర్వాత కౌజుపిట్ట ముక్కు తెరిచింది. దాని మెడ ఉబ్బింది, రెక్కలు వణికాయి, కూత మాత్రం రాలేదు. 

అప్పుడు జూలయ్య అనే ఎలుగుబంటి ముందుకొచ్చాడు. "రొట్టే కదా. దానికింత దిగులా? నేను పెడతాను పదండి," అన్నాడు.

మంచు కాస్త విడిచి ఎండ కాసిన పూట అన్నట్టే చేశాడు. పెద్ద రొట్టె రాయి మీద పెట్టాడు, మిగిలిన పిండితో చిన్నది ఒకటి కాల్చి అందరికీ తలో ముక్కా పంచాడు. మంచు మళ్ళీ దిగినప్పుడు ఆవిడ పెద్ద రొట్టెను తట్టింది, తీసుకుంది, వెళ్ళిపోయింది. ఎండ వచ్చింది. కౌజుపిట్ట కూసింది.

"ఎలా చేశావు జూలయ్యా?" అని అందరూ చుట్టూ చేరారు.

"ఎలా ఏముంది. నా చెయ్యి పడితే అంతే," అన్నాడు జూలయ్య. ఆ మాట అతనికి ఎంత బాగా నచ్చిందంటే, కనబడినవారందరినీ పిలిచి మరీ చెప్పాడు.

గచ్చమ్మ అనే ముళ్ళపంది కూడా ముక్క తీసుకుంది. సగం తింది. బాగుంది. ఇది ఎందుకు బాగుందా అని ఆలోచిస్తూ, మిగతా సగం ఆకులో చుట్టి బొరియలో దాచింది. అలా దాచుకోవడం గచ్చమ్మకు అలవాటు.

గచ్చమ్మ పొరుగున దూదమ్మ అనే కుందేలు ఉండేది. దూదమ్మ నోరు మూతపడగా చూసినవారు లేరు. పొద్దున లేస్తూనే మొదలుపెట్టేది. గచ్చమ్మ దుంపలు తవ్వుతూ వినేది. ఒక్కోసారి వినకుండా కూడా ఊఁ కొట్టేది. అయినా ఆ గొంతు చెవిన పడకపోతే గచ్చమ్మకు దుంప రుచించేది కాదు.

మళ్ళీ మంచు దిగింది. ఈసారి జూలయ్య అందరినీ పిలిచాడు. "రండి, చూడండి," అని వాళ్ళ ముందే పిండి కలిపాడు, వాళ్ళ ముందే రొట్టె తట్టాడు, కాసేపైనా ఆగకుండా పుట్టలో పెట్టాడు. పైకి చక్కగా ఎర్రగా వచ్చింది. రాయి మీద పెట్టి ఎవరి గూటికి వాళ్ళు పోయారు.

దూదమ్మ తన బొరియ గుమ్మంలో కూర్చుని గచ్చమ్మకు ఏదో చెబుతోంది. "విన్నావా గచ్చమ్మక్కా, మా మరిది సంగతి. చీకట్లో పొరపాటున వేరేవాళ్ళ బొరియలో దూరి పడుకున్నాడట. తెల్లారి లేచి చూస్తే, పక్కన..."

దూరంగా రాయి వైపు నుంచి థప్ మని చప్పుడొచ్చింది. మట్టిముద్దను తట్టినట్టు.

"పక్కన ఎవరు?" అంది గచ్చమ్మ.

దూదమ్మ పెదవులు ఆడుతూనే ఉన్నాయి. చెవులు ఆడుతున్నాయి. మాట లేదు. తన నోటిని తనే పట్టుకుని చూసుకుంది దూదమ్మ. ఆ కళ్ళు గచ్చమ్మ మరిచిపోలేకపోయింది.

జూలయ్య రాయి దగ్గరికి వెళ్ళాడు. రొట్టె అక్కడే ఉంది. దాన్ని విరిచి చూడలేదు, వాసన చూడలేదు. "పిండి మంచిది కాదు," అని లోయలోకి విసిరేశాడు. తర్వాతి మంచుకి మళ్ళీ అలాగే అయింది. "నిప్పు మంచిది కాదు," అని అదీ విసిరేశాడు. దుప్పి గొంతు పోయింది. కోనలో చప్పుళ్ళు ఒక్కొక్కటే తగ్గిపోతూ వచ్చాయి. చివరికి ఆకు రాలినా అందరూ ఉలిక్కిపడేవారు.

మోదుగ పూసేలోపు తిరిగిరాని గొంతు ఇక ఎప్పటికీ రాదని అవ్వ ఒకసారి చెప్పింది. మోదుగలు అప్పటికే నల్లటి మొగ్గలు తొడుగుతున్నాయి.

గచ్చమ్మ వెళ్ళి అవ్వ పుట్ట ముందు కూర్చుంది. బూడిద కింద జూలయ్య వదిలేసిన నిప్పు ఇంకా ఉంది.

మొదటి రొట్టె బొగ్గులా మాడింది. విరిస్తే లోపల పచ్చిపిండి. నిప్పులు బయటికి లాగకుండానే రొట్టె పెట్టేశానని గచ్చమ్మకు తెలిసింది. తెచ్చి తన బొరియ బయట రాతి అరుగు మీద పెట్టుకుంది. రెండోసారి నిప్పులు లాగేసింది. మాడలేదు గాని రాయిలా గట్టిపడింది. దాన్నీ అరుగు మీద పెట్టింది.

జూలయ్య అటుగా వచ్చాడు. "ముళ్ళ చేత్తో పిసికితే రొట్టెకీ ముళ్ళొస్తాయే పిల్లా. వీటినేంటి, పెళ్ళిచూపులకు కూర్చోబెట్టినట్టు వరసగా పెట్టావు?"

"చూసుకోవడానికే మామా. పారేస్తే ఏం తప్పు చేశానో మరిచిపోతాను. మళ్ళీ అదే చేస్తాను."

"తప్పుల్ని దాచుకునేదాన్ని నిన్నే చూశాను."

"నీది కుదిరింది కదా మామా. ఆ రోజు ఏం చేశావో కాస్త చెప్పు."

"ఏం చేస్తాను. పిండి కలిపాను. తేనె తాగొచ్చాను. ఎండలో కాస్త నడుం వాల్చాను. లేచేసరికి పిండి పొంగి కుండ దిగి వస్తోంది. కోపమొచ్చి రెండు దెబ్బలేసి పుట్టలో పడేశాను."

"మరి తర్వాత చేసినప్పుడు?"

"అంతమంది చూస్తుంటే పడుకుంటానా? కలిపిన వెంటనే పెట్టేశాను."

"అదే తేడా అయి ఉంటుంది మామా."

జూలయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "పిండికీ నా నిద్రకీ ఏం సంబంధమే? నా చెయ్యి పడితే అంతే. కుదరనప్పుడు పిండిదే తప్పు." అని వెళ్ళిపోయాడు.

గచ్చమ్మ ఆకు విప్పి, దాచుకున్న పాత ముక్కను తీసింది. ఎండిపోయింది. అయినా ముక్కు దగ్గర పెడితే ఇప్పపువ్వు పులిసిన వాసన లీలగా ఉంది. లోపల చీమల పుట్టలా సన్నని బొక్కలు. తన రొట్టెలో బొక్కలు లేవు. పిండి నానాలి, పులవాలి, అప్పుడు గాని ఊపిరి పోసుకోదు.

ఈసారి పిండి కలిపి ఆగింది. చలికి పిండి పొంగలేదు. దాన్నీ కాల్చి చూసింది, అదీ అరుగెక్కింది. ఆరోజు జూలయ్యకు ఎండ ఉంది, ఇప్పుడు లేదు. కుండను తీసుకెళ్ళి వెచ్చటి బూడిద పక్కన పెట్టింది. పిండి నెమ్మదిగా లేచింది. సంబరంతో రొట్టె పెట్టింది. ఆ సంబరంలోనే ఉండబట్టలేక పుట్ట మూతి మట్టి తీసి తొంగి చూసింది. ఉబ్బుతున్న రొట్టె ఒక పక్కకు కూలిపోయింది.

ఆ కూలిన రొట్టెను అరుగు మీద చివరన పెడుతుండగానే మంచు మీదికి వచ్చేసింది.

గచ్చమ్మ బొరియలోకి దూరింది. లోపల దూదమ్మ ముడుచుకుని ఉంది. గొంతు పోయిన దగ్గర్నుంచి ఒంటరిగా ఉండలేక అక్కడే ఉంటోంది. బయట తెలుపు తప్ప ఏమీ లేదు. పొద్దు ఎక్కడుందో కూడా తెలియలేదు.

టక్, టక్. చెట్టు. టక్, టక్. ఇంకా దగ్గరి చెట్టు.

తర్వాత అరుగు మీద చప్పుడైంది. థప్. అది మాడిన రొట్టె. ఆగింది. థప్. అది గట్టిపడినది. మళ్ళీ థప్. ఎవరో గచ్చమ్మ తప్పుల్ని ఒక్కొక్కటే లెక్క చూస్తున్నట్టుంది. వంతు కూలిపోయిన రొట్టెకు వచ్చింది.

డుబ్.

ఎంత సన్నగానో. ఒక పక్క మాత్రమే. వేలు ఆగిపోయింది. చాలాసేపు అక్కడే ఆగింది. మళ్ళీ తట్టింది. డుబ్. ఇంకో పక్క తట్టింది. థప్. ఎవరో నిట్టూర్చినట్టు మంచు కదిలి, బొరియ గుమ్మం చల్లబడింది.

టక్, టక్. గుమ్మం మీదే.

ఎవరని అడగబోయింది గచ్చమ్మ. పెదవి విప్పింది కూడా. దూదమ్మ పాదాలు రెండూ వచ్చి ఆమె నోటిని గట్టిగా మూశాయి. ఇద్దరూ అలాగే ఉండిపోయారు. చప్పుడు వేరే చెట్లకు వెళ్ళిపోయేదాకా గచ్చమ్మ ముళ్ళు గోడకు గీరుకుంటూనే ఉన్నాయి.

భయం కాస్త దిగాక గచ్చమ్మకు అవ్వ గుర్తొచ్చింది. రొట్టెను బోర్లించి చెవి దగ్గర పెట్టుకునే అవ్వ. గచ్చమ్మ అరుగు దగ్గరికి పాకి ఒక్కో రొట్టెనూ తట్టి విన్నది. ముద్దగా ఉన్నవి పలకలేదు. లోపల బోలుగా ఉన్న చోట మాత్రం రొట్టె పలికింది. ఆవిడ కొండ మీద ఒక్కతే ఉంటుంది. తడితే ఎవరో ఒకరు పలకాలి ఆవిడకు. రొట్టె పలకకపోతే, పలికే గొంతును పట్టుకుపోతుంది.

గచ్చమ్మ మళ్ళీ పిండి కలిపింది. బూడిద పక్కన పెట్టి ఆగింది. నిప్పులు లాగేసింది. మూతికి మట్టి మెత్తింది. ఈసారి తొంగి చూడకుండా పుట్టకు వీపు తిప్పి కూర్చుంది. వాసన వచ్చింది, తిరగలేదు. వాసన ముదిరింది, అప్పుడు తీసింది. బోర్లించి చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టింది. విని, దూదమ్మ చెవి దగ్గర కూడా పెట్టింది. దూదమ్మ కళ్ళు పెద్దవయ్యాయి.

రాయి దగ్గరికి వెళ్ళేసరికి జూలయ్య అక్కడున్నాడు. అతని రొట్టె తేనె పూసి నిగనిగలాడుతోంది.

"ముందు నాది," అన్నాడు, గచ్చమ్మ రాయి మీద పెట్టిన రొట్టెను వెనక్కి నెట్టి.

"మామా, ఒక్కసారి తట్టి చూసుకో. ముద్దగా ఉంటే పెట్టకు."

"నేను చేసినదాన్ని నేను పరీక్ష చేసుకోవాలా?"

మంచు వాళ్ళ మధ్యకు వచ్చేసింది. గచ్చమ్మ పొదలోకి వెనక్కి జరిగింది. జూలయ్య జరగలేదు.

థప్. కాసేపు ఏమీ లేదు. థప్.

"నా చెయ్యి పడితే..." అన్నాడు జూలయ్య. మిగతా మాట అతని నోట్లోంచి కాక మంచులోంచి వినిపించింది, కాస్త దూరం నుంచి, అచ్చం అతని గొంతుతోనే. "అంతే."

ఆ తర్వాత వేలు రెండో రొట్టె మీద పడింది.

డుబ్.

డుబ్, డుబ్. పక్కన, నడుమ, ఇంకో పక్కన. ఎక్కడ తట్టినా రొట్టె పలికింది. చాలాసేపు ఆ చప్పుడే వినబడింది, ఇద్దరు కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నట్టు. తర్వాత అది కొండ మీదికి, పైపైకి పోయి ఆగిపోయింది.

ఎండ వచ్చింది. రాయి మీద తేనె రొట్టె ఒక్కటే ఉంది. కీచురాళ్ళు మొదలుపెట్టాయి. దుప్పి అరిచింది. కౌజుపిట్ట కూసింది. పొదలో గచ్చమ్మ పక్క నుంచి ఒక గొంతు గబగబా వచ్చింది.

"పక్కన ముంగిస గురక పెడుతోందట అక్కా. మా మరిది పెట్టిన పరుగు ఇంకా ఆపలేదు."

గచ్చమ్మ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు మోదుగలు పూశాయి. జూలయ్య గొంతు రాలేదు, ఆవిడ దాన్ని మాత్రం కొండ మీదే ఉంచుకుంది. కొన్నాళ్ళకు అతనే వచ్చి, తల వంచుకుని పుట్ట ముందు కూర్చున్నాడు. గచ్చమ్మ అరుగు మీది రొట్టెల్ని వరసగా అతని ముందు పెట్టింది. అతను ఒక్కొక్కటే తట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

ఇప్పటికీ మంచు దిగే రోజున పైకొండ మీంచి ఒక గొంతు వినిపిస్తుంది. "నా చెయ్యి పడితే అంతే," అంటుంది. అడవిలో అందరూ ఆగి జూలయ్య వైపు చూస్తారు. అతను మాత్రం తల ఎత్తడు. బూడిద పక్కన కూర్చుని, పిండి పొంగేదాకా కాచుకుని ఉంటాడు.

నీతి: చెడినది ఎందుకు చెడిందో, కుదిరినది ఎందుకు కుదిరిందో రెండూ తెలుసుకున్నవారి చేతిలోనే పని నిలుస్తుంది, తప్పును విసిరేసి గెలుపును గొప్పగా చెప్పుకునేవారికి అదృష్టం రెండోసారి పలకదు.