రాజావారి కారుకు వెండి చక్రాలు

కురుమల్లి సంస్థానం రాజా నీలాద్రిరాజుగారికి ఆ ఏడు వేగం మీద మోజు పుట్టింది. అంతకుముందు ఏడు పావురాలు. ఆ ముందు ఏడు వేదాంతం.

పొరుగు జమీందారు తన గుర్రప్పందాల మైదానం చుట్టూ మోటారు బాట వేయించి, "కార్లున్న ప్రభువులంతా ఓ రోజు వచ్చి మీ ఇష్టమొచ్చినంత జోరుగా తోలుకోండి" అని కబురు పంపాడు. రాజావారు ఆగలేక కోట వెనకే ఓసారి తోలి చూసుకున్నారు. మొదటి మలుపులోనే అరిగిపోయిన టైర్లు జారి కారు తిన్నగా గడ్డివాములో దూరింది.

రాజావారు మీసాల్లో గడ్డిపోచలతో బయటికొచ్చి, "చక్రాలు మార్చాలి" అని ప్రకటించారు. తోలడం మార్చుకోవాలని చెప్పే ధైర్యం ఎవరికుంది?

మర్నాడు కొలువులో ఇదే చర్చ. రాజావారి బావమరిది అనంతవర్మ ముందుగా లేచాడు. మద్రాసులో ఆర్నెల్లు ఉండి వచ్చాడు కాబట్టి మోటార్ల సంగతి తనకు తప్ప ఎవరికీ తెలియదని అతని నమ్మకం.

"బావగారూ! వెండిపూత చక్రాలూ, అంచున తెల్లచార ఉన్న సీమ టైర్లూ తెప్పిద్దాం. చూసినవాళ్ల కళ్లు చెదరాలి."

"బాగుంది. మరి ఖర్చో?"

"మన ఖర్చుతో నడిచే సత్రం ఓ ఏడాది మూసేస్తే సరి."

ఆ మాటకి చయనులు లేచి నిలబడ్డాడు. చయనులు కొలువులో హాస్యం చెప్పే మనిషి. పొట్ట పెద్దది, కాళ్లు పొట్టివి. సాయంత్రం పూట సత్రం అరుగు మీద కూర్చుని, వచ్చేపోయే బాటసారుల నోట విన్నవే మర్నాడు కొలువులో చమత్కారాలుగా చెలామణీ చేస్తాడు. సత్రం మూస్తే బాటసారులకు అన్నం ఉండదు, తనకు మాట ఉండదు.

"ప్రభూ, పాత కార్ల ఇనప చక్రాలు బెజవాడలో చవగ్గా దొరుకుతాయి. వాటికి మాత్రం మంచి కొత్త టైర్లు వేయిద్దాం. మలుపులో నేలని పట్టుకునేది రబ్బరు గానీ వెండి కాదు గదా" అన్నాడు.

"రాజావారి కారుకి పాత ఇనప చక్రాలా!" వర్మ పకపకా నవ్వాడు. "చయనులుగారూ, మీరు పులిహోర సంగతి చెప్పండి, వింటాం."

సభంతా నవ్వింది. రాజావారూ నవ్వారు. ఇక వాదించి లాభం లేదని చయనులుకు తెలిసిపోయింది. పైగా బావమరిది మీద మాట తూలితే అది సాయంత్రానికల్లా రాణీగారి చెవిన పడుతుంది.

చయనులు వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"వర్మగారి మాటే కానివ్వండి ప్రభూ. పొరుగు జమీందారు మైదానంలో తోలే రోజు కారులో తమ పక్కన కూర్చునేదెవరో అదొక్కటీ సెలవివ్వండి."

"ఇంకెవరు? నేనే" అన్నాడు వర్మ.

"నాకూ ఆశగానే ఉంది. మా ఇద్దరికీ పరుగుపందెం పెట్టండి. నెగ్గినవారు పక్కన కూర్చుంటారు. ఓడినవారు ఏడాదిపాటు కొలువులో నోరెత్తకూడదు."

రాజావారు సింహాసనంలో ముందుకు జరిగారు. వేగం మాట వస్తే ఆయన ఆగలేరు. వర్మ చయనులు పొట్టకేసి చూసి సరేనన్నాడు.

"ఎక్కడ పరుగెత్తుదాం?"

"బయట ఎండ మండిపోతోంది. కోట ముంగిలి చాలదూ? నాపరాళ్లు ఇప్పుడే కుంకుడురసం పోసి కడుగుతున్నారు, చల్లగా ఉంటుంది."

"వట్టి కాళ్లతోనా?"

"ఎంతమాట! రాజబంధువులు వట్టి కాళ్లతో పరుగెత్తడమా? కాలికి ఏదో ఒకటి ఉండి తీరాలి. అదేదన్నది ఎవరిష్టం వారిది."

అందరూ ముంగిట్లోకి నడిచారు. మేడమీద కిటికీలో రాణీగారి పరివారం కూడా చేరింది.

వర్మ కాళ్లకి సీమ బూట్లు నిగనిగలాడుతున్నాయి. తడిరాతి మీద ఒక పాదం మోపాడో లేదో, అది సర్రున ముందుకు పోయింది. స్తంభం పట్టుకుని నిలదొక్కుకున్నాడు. మేడమీద గాజులు గలగలలాడాయి. నలుగురిలో వెల్లకిలా పడితే ఇంకేమన్నా ఉందా!

"ఒక్క నిమిషం" అని ద్వారం దగ్గరికి వెళ్లి, బూట్లు విప్పి, కాపలావాడి చెప్పులు తొడుక్కుని వచ్చాడు. పాత టైరు ముక్కలు కోసి అడుగున కుట్టించుకున్న మోటు చెప్పులవి.

ముంగిలి ఒక చుట్టు తిరిగి రావాలని చెప్పి, ఇద్దర్నీ గీత దగ్గర నిలబెట్టి, రాజావారు రుమాలు ఊపారు.

వర్మ దూసుకుపోయాడు. మూలల్లో ఎక్కడా జారలేదు. ముంగిలంతా చుట్టి వచ్చి, "నెగ్గాను!" అని రొప్పుతూ అరిచాడు.

చయనులు గీత దగ్గర నిలబడినవాడు నిలబడినట్టే ఉన్నాడు.

"ఏమయ్యా, కదలవేం?" అన్నారు రాజావారు.

"నేను ఓడిపోయాను ప్రభూ. ఇవాళ్టి నుంచి నోరెత్తను. ఎత్తే ముందు, కాదు, మూసే ముందు ఒక్క మనవి."

"చెప్పు."

"వర్మగారు తమ కాళ్లకి ఏది ఎంచుకున్నారో, ప్రభువులు కారుకీ అదే వేయించండి."

రాజావారి చూపు బావమరిది కాళ్ల మీదికి దిగింది.

"ఏమోయ్ వర్మా, నీ సీమ బూట్లేవి?"

"ద్వారం దగ్గర విప్పాను బావగారూ."

"ఎందుకని?"

"అవి జారి..." అని నాలిక్కరుచుకున్నాడు.

రాజావారు ముందు మీసం దువ్వుకుని ఆపుకోజూశారు. ఆగలేదు. కడుపు పట్టుకుని నవ్వారు. కొలువంతా నవ్వింది. మేడమీద రాణీగారి నవ్వు అందరికంటే గట్టిగా వినిపించింది.

"ఇనప చక్రాలే తెప్పించండి, వాటికి మేలైన టైర్లు వేయించండి. సత్రం జోలికి ఎవరూ పోకండి" అని రాజావారు ఉత్తరువిచ్చి, భుజం మీది శాలువా తీసి చయనులుకు కప్పారు. "నోరు మూసుకునే షరతు రద్దు. నువ్వు మాట్లాడకపోతే మాకు పొద్దెలా పోతుందయ్యా?"

వర్మ ఒక్కడే నవ్వలేదు. కాపలావాడు పక్కన నిలబడి, "నా చెప్పులు దొరా" అని మూడోసారి అడుగుతున్నాడు.