ఒక మడత తక్కువ

డిసెంబరు ఇరవై నాలుగో తేదీ మంగళవారం, సాయంత్రం నాలుగున్నర గంటలకు, ఎదుటివారికి దక్కిన ప్రేమంతా తన వాటాలోంచి తీసి ఇచ్చినట్టు లోలోపల కుమిలిపోయే వినీల, బాపట్లలోని తన అత్తవారింట్లో కాగితాలు కోసే కటింగ్ మిషన్ ముందు కూర్చుని ఉంది.

వినీల చెడ్డ మనిషి కాదు. ఆదివారం ఆరాధన మానేది కాదు. పని చేస్తే చూసినవాళ్లు మెచ్చుకునేలా చేసేది. ఆ మిషన్ వచ్చాక చర్చి పందిరికి దేవదూతలనూ గొర్రెపిల్లలనూ తనే కాగితంలో కోసి ఇచ్చింది. కానీ మెప్పు ఎంత దక్కినా, పక్కవాళ్లకు దక్కినదే ఆమె కంటికి పెద్దగా కనిపించేది.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం వీధి గుమ్మానికి నక్షత్రంతో పాటు కాగితపు బొమ్మల దండ కట్టేవారు. అత్తగారు కాంతమ్మగారు పొడవాటి కాగితాన్ని విసనకర్రలా మడతలు పెట్టి, పై మడత మీద మనిషి బొమ్మ గీసి, కత్తెర పట్టుకుని ఒక్క చుట్టు తిప్పేవారు. విప్పితే చేయీ చేయీ పట్టుకున్న మనుషుల వరస వచ్చేది. ఒక్కో బొమ్మ మీద ఇంట్లో ఒక్కొక్కరి పేరు రాసేవారు. బిడ్డ పుడితే ఒక మడత పెరిగేది. కోడలు వస్తే ఒక మడత పెరిగేది. మనిషి పోయినా మడత మాత్రం పోయేది కాదు.

"దేవుడు పిలుచుకుంటే మాత్రం మన మనిషి కాకుండా పోతాడా?" అనేవారు కాంతమ్మగారు.

అందుకే పెనిమిటి దావీదుగారి బొమ్మా, లారీ గుద్ది పోయిన చిన్నకొడుకు విక్టరు బొమ్మా ఏటేటా గుమ్మం మీదికి వచ్చేవి. విక్టరు చేయి పట్టుకుని అతని భార్య ప్రసన్న బొమ్మ ఉండేది. ప్రసన్న రెండో చేయి అత్తగారి బొమ్మ చేతిలో ఉండేది.

ఆ ప్రసన్నకు పోయిన వేసవిలో కాంతమ్మగారే మళ్లీ పెళ్లి చేశారు. ఒంగోలు బస్సు డిపోలో పనిచేసే మనోహర్‌ను తనే చూసి, అడిగి, ఒప్పించారు. పెళ్లినాడు తల్లి స్థానంలో నిలబడి, తన చేతి గాజులు తీసి ప్రసన్నకు తొడిగారు. ఊళ్లో అందరూ కళ్లు తుడుచుకున్నారు. వినీల కళ్లు మాత్రం ఆ గాజుల మీదే ఉండిపోయాయి. 'నేను వచ్చి పదేళ్లయింది. నాకు ఏనాడైనా ఇలా తొడిగిందా?' అనుకుంది. ఆ మాట పైకి అనలేదు. అనకపోవడం వల్ల అది లోపల పుండై కూర్చుంది.

ఈ ఏడు కాంతమ్మగారికి వేళ్లు వణికి కత్తెర నిలవలేదు. వినీలను పిలిచి, "దండ నువ్వే చెయ్యమ్మా. నీ మిషన్ నాకంటే చక్కగా కోస్తుంది. ఒక్కటే మాట. ఎవరినీ వదలకు. ప్రసన్న పక్కన ఆ మనోహర్‌కు కూడా ఒక మడత పెట్టు. పిల్ల మొదటిసారి ఆయనను వెంటబెట్టుకుని వస్తోంది, బెరుగ్గా ఉంటుంది. గుమ్మంలో పేరు చూసుకుంటే దాని మనసు కుదుటపడుతుంది" అన్నారు.

"అలాగే అత్తయ్యా" అంది వినీల.

మిషన్ పని వినీలకు కొట్టినపిండి. బంగారు రంగు కాగితాన్ని జిగురు చాప మీద అంటించి లోపలికి తోస్తే, ట్యాబ్‌లో గీసిన బొమ్మను సన్నని బ్లేడు గీసినట్టే కోసేది. ఎర్ర కాగితంలో పేర్లు కోసి బొమ్మల మీద అతికించేది. మొదట్లో తెలుగు పేర్లతో తిప్పలు పడింది. అక్షరం కింద ఉండే వత్తులు విడిగా తెగి, చాపకే అతుక్కుపోయేవి. అప్పమ్మ అని కోస్తే అపమ అని వచ్చేది. అక్షరానికీ వత్తుకూ మధ్య సన్నని పోగు వదలడం ఆమె ఓపికగా నేర్చుకుంది.

ఆ సాయంత్రం దండ మొత్తం ట్యాబ్ తెర మీద వరసగా నిలబడింది. కూతురు షారోను పక్కన కూర్చుని గుండుసూదితో కాగితపు తునకలు ఏరుతోంది. వినీల వేలు ప్రసన్న బొమ్మ మీద ఆగింది.

కత్తెరా మడతా అయితే ఒకరిని తీయడం కుదిరేది కాదు. ఒకరిని కోస్తే దండే తెగుతుంది. తెర మీద ఆ చిక్కు లేదు. వినీల చెత్తబుట్ట గుర్తు నొక్కింది. ప్రసన్న మాయమైంది. విక్టరు చేయి గాలిలో ఉండిపోయింది. వినీల కాంతమ్మగారి బొమ్మను ఇవతలికి జరిపి, ఆ చేతిని ఈ చేతిలో కలిపింది. అతుకు కూడా తెలియలేదు. మనోహర్ బొమ్మ గీసే పనే లేకపోయింది.

"అమ్మా, పిన్నిని ఎందుకు తీసేశావు?" అంది షారోను.

"పిన్ని ఇప్పుడు వేరే ఇంటి మనిషే. వాళ్లింట్లో వాళ్లు కట్టుకుంటారులే."

"మరి ఏ కోపమూ లేకుండానే తీసేయొచ్చా?"

"నీకెందుకే పెద్దల మాటలు? తునకలు ఏరు."

మిషన్ గరగరమంటూ కోసింది. చీకటి పడేలోగా వినీల దండను గుమ్మానికి కట్టి, నక్షత్రంలో బల్బు వెలిగించింది. భర్త ప్రభు చర్చిలో దీపాల తోరణాలు కడుతున్నాడు. కాంతమ్మగారు లోపల మంచం మీద నడుం వాల్చారు. అడ్డు చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

ఒంగోలు నుంచి వచ్చే రైలు దిగి ప్రసన్న, మనోహర్ నడుచుకుంటూ వచ్చారు. ప్రసన్న చేతిలో గులాబీ పువ్వుల డబ్బా ఉంది. అత్తగారికి ఇష్టమని తానే పిండి కలిపి, అచ్చుతో నూనెలో ముంచి చేసింది. వాకిట్లోకి రాగానే నిలబడి, చిన్నపిల్లలా మొగుడి చొక్కా చెయ్యి లాగింది.

"చెప్పానా, మా గుమ్మం చూపిస్తానని? అదుగో చూడండి. ఆయన మా మామయ్యగారు. అది బావగారు. అది అక్క. ఇదుగో మా షారోను, పొట్టి కాళ్లది. ఇది విక్టరు..."

ఆమె వేలు అక్కడ ఆగింది. ఒకసారి వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు వచ్చింది.

"ఇది అత్తయ్య" అంది నెమ్మదిగా.

"మరి నీ బొమ్మేదీ?" అన్నాడు మనోహర్ నవ్వుతూ. అతనికి ఇంకా ఏమీ తెలియలేదు.

గుమ్మంలో నిలబడ్డ వినీల గబగబా మెట్లు దిగింది. "రావే, రా! రండి అన్నయ్యగారూ. అయ్యో, అదా? మిషన్ నాశనం చేసి పెట్టిందే ప్రసన్నా. నీ పేరు నిండా వత్తులే కదా! ఊడిపోయి చాపకు అతుక్కుపోయాయి. కాగితం కూడా చిరిగింది. రేపు పొద్దున్నే కోసి పెట్టేస్తాను."

ప్రసన్న ముఖం తేటపడింది. "పోనీలే అక్కా, దానికేముంది! నా పేరు బడిలో కూడా ఎవరికీ రాయడం వచ్చేది కాదు" అని తేలిగ్గా ఊపిరి తీసుకుంది.

అప్పుడు షారోను పరుగెత్తుకొచ్చి పిన్ని నడుం పట్టుకుంది. "వత్తులు ఊడలేదు పిన్నీ. అసలు కొయ్యనే లేదు. అమ్మే వేలితో నొక్కి తీసేసింది. నువ్వు వేరే ఇంటి మనిషివట కదా? మరి ఈ రాత్రి నా పక్కన పడుకోవా?"

వినీల చెయ్యి లేచింది. పిల్ల చెంప చెళ్లుమంది.

ప్రసన్న షారోనును దగ్గరికి తీసుకుని చెంప నిమిరింది. "దాన్ని ఎందుకు కొడతావక్కా? ఉన్నమాటే కదా చెప్పింది" అంది. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటేనే వినీలకు బాగుండేది.

లోపలినుంచి కాంతమ్మగారి పిలుపు వినిపించింది. "ఎవరమ్మా? ప్రసన్నేనా?"

ప్రసన్న కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లింది. మంచం పక్కన కూర్చుని డబ్బా మూత తీసి, ఒక గులాబీ పువ్వు విరిచి అత్తగారి నోటికి అందించింది. మనోహర్ వందనాలు చెప్పి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

కాంతమ్మగారు ప్రసన్న చేతి గాజులు తడిమి చూసి మురిసిపోయారు. "గుమ్మంలో చూశావా? మీ ఇద్దరికీ మడత పెట్టమని చెప్పాను. వినీల ఎలా చేసింది? నేను పొద్దున ఆరాధనకు వెళ్లేటప్పుడు చూస్తాను. రాత్రి వెలుగులో నాకు ఆనదు."

తలుపు చాటున వినీల చెవులు రిక్కించింది.

"చూశానత్తయ్యా" అంది ప్రసన్న. "చాలా బాగుంది."

కాసేపు కూర్చుని లేచింది. మనోహర్ వాళ్లమ్మకు ఒంట్లో బాగాలేదనీ, రాత్రి బండికి వెళ్లిపోవాలనీ చెప్పింది. కాంతమ్మగారు ఎంత బతిమాలినా ఆగలేదు. వెళ్తూ వెళ్తూ ముసలావిడ నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. గుమ్మం దాటేటప్పుడు పైకి చూడలేదు. మనోహర్ మాత్రం చూశాడు. భార్య చేతిసంచి తను అందుకుని నడిచాడు.

మర్నాడు క్రిస్మస్. వినీల అందరికంటే ముందు లేచింది. అత్తగారు బయటికి వచ్చేలోగా ప్రసన్న, మనోహర్ బొమ్మలు రెండూ కోసి కట్టేస్తే చాలనుకుంది. మిషన్ పెట్టి ట్యాబ్ తెరిచింది. తెర మీద దండ ఉంది. మామయ్యగారున్నారు. ప్రభు ఉన్నాడు. ప్రభు చేయి షారోను చేతిలో ఉంది. మధ్యలో ఉండాల్సిన వినీల లేదు.

"ఇదెవరు చేశారే?" అంది వినీల.

షారోను దుప్పటిలోంచి తల పైకెత్తింది. "నేనే. నన్ను కొట్టావుగా, అందుకని. ఏడవకమ్మా, కోపం పోయాక మళ్లీ పెడతాలే. ఒక్కసారి నొక్కితే చాలుగా."

ఆ పని పిల్లకు నేర్పింది తనే. వినీల ఆ రెండు బొమ్మలూ గీసి, పేర్లు రాసి, మిషన్‌లోకి తోసింది. పేర్లు చక్కగా వచ్చాయి. ఒక్క వత్తు కూడా ఊడలేదు.

అవి పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి, కాంతమ్మగారు తెల్లచీర కట్టుకుని, కర్ర ఆనించుకుని దండ కింద నిలబడి ఉన్నారు. ఒక్కొక్క పేరే పెదవులతో చదువుతున్నారు. విక్టరు దగ్గర ఆగారు. తన పేరు దగ్గర ఆగారు. ఆ రెండు చేతులూ కలిసినచోట చాలాసేపు ఆగారు.

"'చాలా బాగుంది' అందే నాతో" అన్నారు చివరికి. "ఆ పిల్ల ఎప్పుడూ అబద్ధమాడి ఎరగదు. ఈ ఇంట్లో ఆడించాం."

ప్రభు ఫోన్ చేశాడు. ప్రసన్న ఎత్తింది. పండగ శుభాకాంక్షలు చెప్పింది. షారోనుకు ముద్దులిమ్మంది. ఎప్పుడొస్తారని అడిగితే, "వస్తాం బావగారూ, వీలున్నప్పుడు" అంది. వీలున్నప్పుడు అనే మాట ఆ ఇంట్లో చుట్టాలతో అనేవారు. ప్రసన్న ఏనాడూ అనలేదు.

వినీల బొమ్మలు చాచింది. "అత్తయ్యా, తప్పయిపోయింది. ఇవి ఇప్పుడే అతికించేస్తాను."

"ఇప్పుడు ఎవరు చూడాలని?" అన్నారు కాంతమ్మగారు. ఆవిడ కత్తెర తెప్పించుకున్నారు. కొడుకును కింద స్టూలు పట్టుకోమని, మెల్లగా ఎక్కారు. వణికే చేత్తోనే విక్టరు బొమ్మకూ తన బొమ్మకూ మధ్య ఆ అతుకును కత్తిరించారు. దండ రెండుగా విడిపోయి రెండు వైపులా వేలాడింది. నడుమ ఒక ఖాళీ మిగిలింది.

"ఉన్న ఖాళీని ఉన్నట్టు కనపడనివ్వండి" అన్నారు.

చర్చి గంట మోగింది. ఆ తెగిన దండ కిందనుంచే ఇంటిల్లిపాదీ ఒకరి వెనక ఒకరు ఆరాధనకు నడిచారు. ఎవరూ ఎవరి చేయీ పట్టుకోలేదు. ఆ రెండు బొమ్మలూ వినీల చేతిలోనే ఉండిపోయాయి.

ఒకరికి దక్కిన ప్రేమ మన వాటాను తగ్గించదు. అది ఓర్వలేక ఇంట్లో ఒకరి చోటు చెరిపేయడానికి ఒక వేలు చాలు, ఆ చోటు తిరిగి నింపడానికి మాత్రం అందరి చేతులూ కలిసినా చాలవు.