సోమప్ప టీ కెటిల్

మల్లభూపాలుడికి ఉన్నట్టుండి ఓ కోరిక పుట్టింది. మధ్యాహ్నం మామగారితో కంప్యూటర్‌లో చదరంగం ఆడాలి. ఆటను నడిపే పాత యంత్రమేమో గంట తిరక్కుండానే వేడెక్కిపోతోంది. అందుకని ఆట సగంలో ఉండగానే, రెప్పపాటైనా ఆగకుండా, దాన్ని కొత్త యంత్రంలోకి మార్చాలి. లైను తెగితే ఓడినట్టే. అది మామగారి షరతు.

“నాకొదిలేయండి ప్రభూ,” అన్నాడు యంత్రశాల అధికారి త్రివిక్రముడు. “ఆటను మోసుకెళ్లడానికి రెండు నెట్‌వర్క్ కార్డుల్ని జట్టు కట్టాను. ఒక కేబుల్ ఊడినా రెండోది మోస్తుంది.”

పరీక్షకని యంత్రంలో ఓ పాట పెట్టి, అది కొత్త యంత్రంలోకి మారుతుండగా ఒక కేబుల్ పీకేశాడు. పాట ఆగలేదు. సభంతా చప్పట్లు కొట్టింది.

టీ అందిస్తున్న సోమప్ప మాత్రం కేబుళ్ల వెంట చూపు పోనిచ్చాడు. పోయినేడు యంత్రశాల అధికారి పదవి అతడిదే. తన నిర్వాకం వల్ల రాజు ఓడాడు, తను టీకి దిగాడు. తలుచుకుంటే ఏడుపొచ్చేది. ఆ పని ఎంత మొద్దుదో గుర్తొస్తే నవ్వూ వచ్చేది.

త్రివిక్రముడు మీసం దువ్వాడు. “ఏం సోమప్పా, తప్పు దొరికిందా? చేతనైతే పాట ఆపు. ఆపలేకపోతే ఊరొదిలి పో.”

“తెలివితో ఆపడం నా వల్లేం అవుతుందండీ,” అన్నాడు సోమప్ప. “ప్రభువులు సెలవిస్తే టీ పెట్టుకుంటాను.”

రాజు తలూపాడు. సోమప్ప గోడ దగ్గరికెళ్లి, అక్కడున్న ప్లగ్గొకటి పీకి కెటిల్ ప్లగ్గు పెట్టాడు.

పాట ఠక్కున ఆగిపోయింది.

త్రివిక్రముడి మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. రెండు కేబుళ్లూ వెళ్లి దూరింది యంత్రాలను కలిపే ఒకే స్విచ్ పెట్టెలో. సోమప్ప పీకింది ఆ పెట్టె ప్లగ్గు.

“మోతగాళ్లను ఇద్దర్ని పెట్టారు గానీ, ఇద్దర్నీ ఒకే వంతెన ఎక్కించారండీ,” అంటూ సోమప్ప ఒక కేబుల్ తీసి, పక్కనే ఖాళీగా ఉన్న రెండో పెట్టెలో గుచ్చాడు. మొదటి పెట్టెకి కరెంటిచ్చి, పాట మళ్లీ పెట్టించి, అది యంత్రం మారుతుండగా ఆ పెట్టె ప్లగ్గు పీకి కెటిల్ ప్లగ్గు మళ్లీ అక్కడే పెట్టాడు. ఈసారి నీళ్లు మరిగాయి, పాట సాగింది, యంత్రమూ మారింది.

“ఎలా కనిపెట్టావయ్యా?” అన్నాడు రాజు.

“పోయినేడు నేనూ ఇలాగే రెండూ ఒకే పెట్టెలో పెట్టి, ఆట మధ్యలో టీ కాచుకున్నాను ప్రభూ. ఆయన అంత ఆలోచించి చేసిన తప్పు, నేను ఆలోచించకుండానే చేశాను.”

సభ గొల్లున నవ్వింది. రాజు తన పచ్చల ఉంగరం తీసి సోమప్ప వేలికి తొడిగి, పదవి తిరిగిచ్చి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు.

“కెటిల్‌కి వేరే ప్లగ్ పాయింటు పెట్టించండి ప్రభూ. మధ్యాహ్నం మీరు ఆడుతుంటే నాకు మళ్లీ టీ తాగాలనిపిస్తుంది.”

ఈసారి అందరికన్నా ముందు నవ్వింది రాజే.