నురుగు రాని బావి

సున్నపురాతి కొండల నడుమ ఒకానొక రాజ్యంలో చండవర్మ అనే రాజు ఉండేవాడు. తన తీర్పుకు తిరుగులేదని తనే చెప్పుకుని, తనే తల ఊపుకునే రకం.

కోట కింద ఒక దిగుడుబావి. పట్టపగలు కూడా అక్కడ చీకటే. పాత రాజు, అంటే చండవర్మ అన్నగారు, అందులోనే పడి చనిపోయాడు. అప్పటినుంచి నేరారోపణ వచ్చినవాళ్లందరినీ అక్కడికే దింపేవారు. విదేశీ వర్తకులు తెచ్చిన సబ్బుతో ఆ నీళ్లలో చేతులు రుద్దుకోవాలి. నురుగు వస్తే నిర్దోషి, రాకపోతే ఉరి. ఇంతవరకూ ఒక్కరికీ నురుగు రాలేదు.

"చనిపోయిన మా అన్నగారే పాపుల చేతులు పట్టుకుంటున్నారు" అనేవాడు రాజు.

ఈసారి వంతు నాంచారమ్మది. అన్నగారిని పెంచిన ముసలి దాది. ఆయన్ని బావిలోకి తోసింది ఆవిడేనట! వింటేనే ఒళ్లు మండదూ?

మెట్ల మీద దివిటీలు రెపరెపలాడుతున్నాయి. పైకప్పు నుంచి నీళ్లు బొట్టుబొట్టుగా రాలుతున్నాయి. నాంచారమ్మ నీళ్ల మీదికి వంగేసరికి విదూషకుడు ఓబళయ్య అడ్డం వచ్చాడు. చేతిలో మూతపెట్టిన చెంబు ఉంది.

"ప్రభూ, నిర్దోషి చేతిలో నురుగు ఎలా ఉంటుందో మేమెవ్వరం చూడలేదు. తమకన్నా పుణ్యాత్ములెవరు? ఒక్కసారి చూపించండి."

పొగడ్తకి రాజు ఉబ్బిపోయాడు. కంకణాలు పైకి నెట్టి, చేతులు ముంచి రుద్దాడు. ఇంకా రుద్దాడు. నురుగు లేదు. విరిగిన పాలలా తెల్లటి తెట్టు వేళ్లకు పట్టుకుంది. బావి అడుగున ఏదో బుడుంగుమంది.

"స... సబ్బు పాడైంది!" అన్నాడు రాజు.

"చూద్దాం ప్రభూ." ఓబళయ్య చెంబులోని వాననీళ్లు నాంచారమ్మ చేతుల మీద పోశాడు. అదే సబ్బు. మోచేతుల దాకా నురుగు పొంగింది. ముసలావిడ భోరుమంది.

"సబ్బు మంచిదే ప్రభూ. ఈ బావినీళ్లలో రాళ్ల సున్నం కలిసింది. అది సబ్బును విరిచేస్తుంది. వాననీళ్లకు ఆ బెడద లేదు. తప్పు నీళ్లదని నా మనవి. కాదు, చేతులదే అంటారా... తమ చేతులూ చూశాం కదా!"

రాజు పకపకా నవ్వాడు. ఆ నవ్వు బావిలోకి దిగి, ఇంకెవరిదో గొంతుతో తిరిగొచ్చింది. నాంచారమ్మను విడిపించాడు. మెడలోని ముత్యాలహారం తీసి ఓబళయ్యకిచ్చి, ఇక ఈ పరీక్ష రద్దన్నాడు.

ఓబళయ్య చెంబు చాచాడు. "ఇంకా కాసిన్ని వాననీళ్లున్నాయి ప్రభూ. సబ్బు పెట్టి ఆ తెట్టు కడుక్కోండి."

వాననీళ్లలో ఎవరికైనా నురుగొస్తుందని అందరూ ఇప్పుడే విన్నారు. అయినా రాజు చేతులు ఉత్తరీయంలో దాచుకుని, వెనక్కి చూడకుండా మెట్లెక్కి వెళ్లిపోయాడు. అన్నగారిని తోసిందెవరో ఆ రోజు కోటలో ఎవరికీ ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.