పక్కన కూర్చున్నవాళ్లు

దస్తగిరి మూడు రోజుల్లో నలభై ఇళ్లు తిరిగాడు. తోడు కావాలన్న ఇల్లు ఒక్కటీ దొరకలేదు.

పెన్న ఒడ్డున ఉన్న ఆ ఊరిని విషజ్వరం కమ్ముకుని నెల దాటింది. రోగులను వైద్యులు చూస్తున్నారు. "రోగుల పక్కన కూర్చున్నోళ్ల మనసెట్లుందో కనుక్కొని రా. కుంగిపోయినోళ్లెవరో తెలిస్తే అక్కడికి మనవాళ్లను పంపుదాం" అని దర్గా గురువు మదార్ పీరు అతన్ని పంపాడు.

దస్తగిరి శ్రద్ధగానే అడిగాడు. నిద్ర పడుతోందా? అన్నం తినబుద్ధి అవుతోందా? భయంగా ఉందా? ఒక్కో జవాబుకు కాగితం మీద ఒక్కో గీత గీశాడు.

"అందరూ బాగానే ఉండారు బాబా. మన జనం గట్టోళ్లు" అన్నాడు తిరిగొచ్చి, కాస్త గర్వంగా.

పీరు ఆ గీతలకేసి చూశాడు. "అందరికంటే బాగుండేదెవరు?"

"మగ్గాల వీధి ఓబులమ్మ. పదకొండు రోజులుగా తోడికోడలికి సేవ చేస్తాంది. అడిగితే నవ్వింది కూడా."

"పద, చూసొద్దాం."

వాళ్లు వెళ్లేసరికి ఓబులమ్మ తోడికోడలి మంచం పక్కన నిలబడి విసురుతోంది. పీరును చూసి కొంగు సర్దుకుంది. "బాగుండాం సామీ. మాకేం తక్కువ" అంది, అడగకముందే.

పీరు ఏమీ అడగలేదు. ఆమె చేతిలోని విసనకర్ర తీసుకుని, మంచం పక్కన కూర్చుని తాను విసరడం మొదలుపెట్టాడు.

"అయ్యో, మీరెందుకు సామీ!" అంటూ ఓబులమ్మ చెయ్యి చాచింది. పీరు విసురుతూనే ఉన్నాడు.

ఆమెకు ఏం చేయాలో తోచలేదు. నీళ్ల చెంబు తీసి మళ్లీ అక్కడే పెట్టింది. కాసేపు తన ఖాళీ చేతుల వంక చూసుకుంది. గోడకు చేరబడి మెల్లగా కిందికి జారింది.

"దీనికేమన్నా అయితే నేనెవరితో పోట్లాడాల సామీ?"

మోకాళ్ల మీద తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

దస్తగిరి గుమ్మంలోనే నిలబడిపోయాడు. మొన్న తాను అడిగినప్పుడు కూడా ఆమె విసురుతూనే జవాబు చెప్పిందని అప్పుడు గుర్తొచ్చింది.

ఏడుపు సన్నగిల్లి ఆగిపోయింది. ఓబులమ్మ తల మోకాళ్ల మీదే వాలి ఉంది. అతను చెప్పులు విడిచి లోపలికి వచ్చి పీరు పక్కన వంగాడు.

"బాబా, ఈ ఇంటికి ఏమని రాయాల?"

"మెల్లగా మాట్లాడు" అన్నాడు పీరు. "నిద్రపోతాంది."