కళ్లు లేని పటం

అనగనగా సింధూరగిరిని ఏలే ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణకేతుడు, రెండోవాడు వినయకేతుడు, మూడోవాడు కువలయుడు. ఈ కువలయుడికి ముక్కు మీదే కోపం.

ఏడు సముద్రాల అవతల ఒక దీవిలో కపిలదంష్ట్రుడనే మాంత్రికుడు ఉండేవాడు. వచ్చినవాళ్లకు వాడు పెట్టే పందెం ఒకటే. అద్దంలో చూసుకుంటూ ఎవరి బొమ్మ వాళ్లు వేసుకోవాలి. ఉన్నదున్నట్టు వేస్తే దీవీ, అందులోని బందీలూ వాళ్లవే. అబద్ధం వేస్తే ఆ పటంలోనే బందీ.

"ఇదెంత పని!" అని పెద్దవాడు బయలుదేరాడు. వెళ్లమని ఎవరు ఏడ్చారు? గుర్రాన్ని చూస్తేనే వణికే ఆ మహానుభావుడు, సింహం మీద కాలు పెట్టి కత్తి దూసినట్టు తన బొమ్మ వేసుకున్నాడు. కుంచె కింద పెట్టగానే పటంలోకి పోయాడు.

అన్నను తెస్తానని రెండోవాడు వెళ్లాడు. వీడు గడుసువాడు. నారబట్టలు కట్టి, తల వంచుకుని, సాధువులా వేసుకున్నాడు. దాసి మంచినీళ్లు ఆలస్యం చేస్తే చెంప పగలగొట్టేవాడికి సాధువు వేషం! వాడూ పటంలోకి పోయాడు.

"తోడబుట్టినవాళ్లు లేకుండా ఇంటికి రాను" అని కువలయుడు ఏడు సముద్రాలూ దాటాడు. ఒడ్డున బోడి తోకతో ఒక ఉడుత ఎదురైంది.

"చూశావా నా గతి! కుంచెలు కట్టుకోవడానికి తోకంతా పీకేశాడు, వెధవ! మిగిలిన నాలుగు వెంట్రుకలూ నువ్వు తీసుకో. వాణ్ణి మాత్రం వదలకు" అంది.

ఆ వెంట్రుకలతో కుంచె కట్టుకుని కువలయుడు పందేనికి కూర్చున్నాడు. అద్దం పట్టుకున్నది మంజులిక అనే రాకుమార్తె. ముడిపడ్డ కనుబొమలు, పళ్ల కింద నలుగుతున్న పెదవి, ఉబ్బిన నరాలు, అన్నీ వేశాడు. పటం అతన్ని లాగలేదు.

"గెలిచాను. మా అన్నలను వదులు!"

"గెలిచావని ఎవరు చూశారు? పో, ప్రాణాలతో పంపడమే ఎక్కువ" అని మాంత్రికుడు పకపకా నవ్వుతూ వెళ్లిపోయాడు.

మంజులిక విసురుగా అద్దం కింద పెట్టింది. "నన్నూ ఇలాగే మోసం చేశాడు, రాకుమారా. నేనూ గెలిచాను. ఏడేళ్లుగా అద్దం మోయిస్తున్నాడు. పైగదిలో వాడు వేసుకున్న వాడి బొమ్మ ఉంది, ప్రాణం అందులోనే ఉంది. చిత్రకారులు కళ్లు చివర దిద్దుతారు కదా, వాడు అవి దిద్దుకోనే లేదు. ఎవరైనా సరిగ్గా దిద్దితే చస్తాడు."

ఇద్దరూ మేడెక్కి తెర లాగారు. కొండంత మనిషి, బంగారు కిరీటం, కళ్ల చోట ఉత్త తెల్ల గుడ్డ. కువలయుడు కసికొద్దీ నిప్పులు చెరిగే కళ్లు వేయబోయాడు.

మంజులిక చెయ్యి పట్టుకుని ఆపింది. "అవి మీ కళ్లు, వాడివి కావు! ఏడేళ్లలో వాడు ఒక్కసారి కూడా అద్దంలోకి చూడలేదు. నేను అద్దంతో ఎదురొస్తే గోడవారగా తప్పుకుంటాడు."

కువలయుడు కోపం దిగమింగి, బెదిరిపోయిన కళ్లు రెండు దిద్దాడు. మాంత్రికుడు పరుగెత్తుకొచ్చాడు. పటం వాణ్ణే చూస్తోంది. "అది నేను కాదు! నేను కాదు!" అని అరుస్తూ కుప్పకూలి చచ్చాడు.

పటాల్లోంచి బందీలందరూ బయటపడ్డారు. కువలయుడు పరుగున వెళ్లి అన్నలను కౌగిలించుకోబోయాడు.

"తమ్ముడూ, నా సింహం పటం జాగ్రత్త. సభలో పెట్టించాలి" అన్నాడు పెద్దవాడు.

"నాది గుళ్లో పెట్టిద్దాం" అన్నాడు రెండోవాడు.

కువలయుడికి ఒళ్లు మండిపోయింది. "నేను సముద్రాలు దాటింది మీకోసం, ఈ గుడ్డముక్కల కోసం కాదు!" అని రెండు పటాలూ చింపి నీళ్లలో పారేశాడు.

తరవాత మంజులికను పెళ్లాడి, తండ్రి సింహాసనమెక్కి నలభై ఏళ్లు చల్లగా ఏలాడు. అన్నలను వెళ్లగొట్టలేదు. కోపం కోపమే, అన్నలు అన్నలే. కానీ ఆ ఇద్దరూ చచ్చేదాకా ఒకే మాట చెప్పుకుని ఏడ్చారు: "మనమంటే ఆ పటాల్లో ఉన్నవాళ్లమే. తమ్ముడు మనల్ని సముద్రంలో పారేశాడు."